మూడు విద్యల పందెము

పూతలపట్టు వద్ద రెండు పెద్ద బాటలు కలియుచున్నవి. ఒకటి కర్నూలు, కడపల మీదుగా వచ్చి చిత్తూరు వైపు సాగునది. రెండవది ఇచ్చట మొదలై తిరుపతికి పోవునది. తెల్లవారుజామున ఈ కూడలిలో నిలిచి చూచినచో పాలక్యానులు కట్టుకొని పోవువారును, సంతకు కూరగాయలు చేర్చువారును, గోవిందనామము పలుకుచు కాలినడకన తిరుమలకు పోవు యాత్రికులును కానవత్తురు. వీరి నడుమ తలకు శిరస్త్రాణము ధరించి, సైకిలుపై ముందునకు వంగి, ఒక యువకుడు వడివడిగా పోవుచున్నట్లు ఊహింపుడు. "ఎంతదూరము నాయనా?" అని దారిలో ఒక వృద్ధుడు అడిగెననుకొనుడు. "చంద్రగిరి దాక పోయి మరల ఇచ్చటికే వచ్చెదను, తాతా" అని యువకుడు బదులు చెప్పును. వృద్ధునకు ఆ మాట వింతగా తోచును. పని లేక, మ్రొక్కు లేక, పోయిన దారినే తిరిగి వచ్చుటకు ఇంత చెమటోడ్చుట ఎందులకు?

ఆ యువకుడు ట్రయథ్లాన్ అను పందెమునకు సిద్ధపడుచున్నాడు. ఈదుట, సైకిలు త్రొక్కుట, పరుగెత్తుట అను మూడింటిని ఒకదాని వెంట నొకటిగా, నడుమ విశ్రాంతి లేక, ఒకే దినమున చేయు పందెమునకు ఆ పేరు. నీటినుండి వెలువడి పాదరక్షలు తొడిగి సైకిలెక్కు కాలము కూడ లెక్కలో చేరును. తడికాళ్లకు మేజోళ్లు తొడుగుకొనుటలోనే పది మందికి వెనుకబడినవారు కలరు. కావున అనుభవము గలవారు ఆ చిన్నపనిని గూడ ఇంటివద్ద పలుమారులు అభ్యసింతురు.

పందెమునకు పెక్కు కొలతలు కలవు. 2000 సంవత్సరమున సిడ్నీ నగరములో మొదటిసారిగా ఒలింపిక్ క్రీడలలో చేరిన ట్రయథ్లాన్‌లో ఈత 1500 మీటర్లు, సైకిలు 40 కిలోమీటర్లు, పరుగు 10 కిలోమీటర్లు. 'ఐరన్ మ్యాన్', అనగా ఉక్కుమనిషి, అను పేర ప్రసిద్ధమైన పెద్ద పందెములో ఈత 3.8 కిలోమీటర్లు, సైకిలు 180 కిలోమీటర్లు, పరుగు 42 కిలోమీటర్ల పైచిలుకు. దానిలో సగము కొలత గల పందెము 2019లో గోవా తీరమున మొదటిసారి జరిగినది. ఎనిమిదిన్నర గంటలలో దానిని ముగింపవలెను.

ఈ అంకెలు కాగితముమీద చిన్నవిగా కనబడును. పెద్ద పందెమును పూతలపట్టునకు తెచ్చి కొలిచినచో వాని బరువు తెలియును. పది మీటర్ల వెడల్పు గల దిగుడుబావిలో ఈ దరినుండి ఆ దరికి 380 మారులు ఈదవలెను. గట్టెక్కి సైకిలుపై తిరుపతికి పోయి, తిరిగివచ్చి, మరల తిరుపతి చేరినను 180 కిలోమీటర్లకు ఇంకను కొంత కొరత యుండును. అటుపిమ్మట కాలినడకన కాదు, పరుగున, పూతలపట్టునుండి చిత్తూరునకు పోయి వచ్చుటకంటె ఎక్కువ దూరము మిగిలియుండును. ఇదంతయు 17 గంటలలో ముగియవలెను.

ఇట్టి పందెము ఎట్లు పుట్టినది? మూడు విద్యలను కలిపి 1974లో అమెరికాలోని శాన్ డియెగో నగరమున ఒక చిన్న పందెము నడిపిరి. పెద్దపందెమునకు మూలము మాత్రము హవాయి దీవులలో జరిగిన ఒక వాదము. ఈతగాండ్లు దృఢులా, పరుగుకాండ్లు దృఢులా అని కొందరు తర్కించుచుండగా, సైకిలు పందెగాండ్లను మరువరాదని జాన్ కాలిన్స్ అను నౌకాదళోద్యోగి పలికెను. ఆ దీవిలో అంతకు పూర్వమే వేరువేరుగా జరుగుచుండిన మూడు పందెములను ఒకే దినమున కలిపి నడిపినచో వివాదము తీరునని ఆయన సూచించెను. 1978 ఫిబ్రవరి 18వ తేదీన పదునైదుగురు బరిలో దిగిరి. పండ్రెండుగురు గమ్యము చేరిరి. గోర్డన్ హాలర్ అనునతడు 11 గంటల 46 నిముషముల 58 సెకన్లలో మొదటివాడాయెను. పందెమును సూచించిన కాలిన్స్ స్వయముగా పాల్గొని, ఇంచుమించు 17 గంటలకు గమ్యము చేరెను. మాట చెప్పి గట్టున కూర్చుండక తానును నీట దిగుట ఆయన ప్రత్యేకత.

నేడు ఈ పందెములలో పాల్గొనువారిలో అధికసంఖ్యాకులు జీవనోపాధికై పందెమాడువారు కారు. ఉపాధ్యాయులు, వైద్యులు, గుమాస్తాలు, పోలీసులు, గృహిణులు వారిలో కలరు. వయస్సునుబట్టి అయిదేసి యేండ్ల తరగతులుగా వారిని విభజింతురు. పగలంతయు వారి ఉద్యోగమునకు, కుటుంబమునకు చెందినది. మిగిలిన వేకువయే వారి వ్యాయామశాల. ఇట్టివారికి కష్టమైనది పందెపు దినము కాదు. వానకురియు వేకువను, నిన్నటి అలసట తీరని వేకువను లేచి బయలుదేరుట.

పూతలపట్టు యువకునకు మూడు విద్యలలో ఏది కష్టము? సైకిలు మన పల్లెలకు క్రొత్తది కాదు. పరుగునకు బాట యున్నది. చిక్కంతయు నీటిలో కలదు. చిత్తూరు సీమ మెట్టప్రాంతము. ఏడాది పొడవున పారు నది లేదు. అయినను పూర్వము ఇచ్చటి పిల్లలు ఈత నేర్వకపోలేదు. నడుమునకు సొరకాయ బుర్రలో, మునగబెండ్లో కట్టి, పెద్దవారు గట్టున నిలిచి, వ్యవసాయపు బావిలో పిల్లలను దింపెడివారు. వేసవి సెలవులు ముగియునాటికి బెండ్లు విడిచి పైనుండి దుముకువాడు ఊరిలో గజఈతగాడు. గొట్టపుబావులు వచ్చి, భూగర్భజలము అడుగంటిన కొలది ఆ బావులు పెక్కు ఎండినవి, కొన్ని పూడినవి. బావితో పాటు ఆ విద్యయు ఊరి చేయి జారుచున్నది. ఇది పందెమునకు సంబంధించిన నష్టము మాత్రమే కాదు. ఈతరాని పిల్లవాడు వానకాలమున నిండిన కుంటలో కాలు జారినచో తెలియును దాని విలువ. ఈత వచ్చినవాడైనను ఒంటరిగా బావిలో దిగుట తగదని పాత పెద్దలు గట్టిగా చెప్పెడివారు. ఆ కట్టడి నేటికిని చెల్లును.

బావిలో నేర్చిన ఈత ప్రాణము కాపాడును గాని దూరపుపందెమునకు చాలదు. తల పైకెత్తి ఈదుట మన పల్లెల అలవాటు. తల లేచినచో నడుము, కాళ్లు క్రుంగును. క్రుంగిన దేహమును నీరు అడ్డగించును. కొలది దూరములోనే ఆయాసము కలుగును. పందెగాడు ముఖమును నీటిలో నుంచి, ఊపిరిని నీటిలోనే మెల్లగా విడిచి, దేహమును ప్రక్కకు ఒరిగించి గాలి పీల్చుకొనును. ఈ శ్వాసక్రమము కుదురుటకే మాసములు పట్టును. నేర్చినదానిని మరచి మరల నేర్చుట క్రొత్తగా నేర్చుటకంటె కష్టము.

వయస్సు మీరినదని సందేహించువారికి సామర్లకోట ఆడపడుచు గోలి శ్యామల వృత్తాంతము వినదగినది. ఆమె ఈత నేర్చినది నలుబది యేండ్లు దాటిన పిమ్మట. 2021 మార్చి మాసమున ఆమె శ్రీలంక తీరమునుండి ధనుష్కోటి వరకు పాక్ జలసంధిని 13 గంటల 43 నిముషములలో ఈదెను. 2024 డిసెంబరు 28వ తేదీన విశాఖపట్టణమున సముద్రములో దిగి, దినమునకు కొంత కొంత ఈదుచు, 2025 జనవరి 3వ తేదీకి కాకినాడ చేరెను. ఆ దూరము సుమారు 150 కిలోమీటర్లు; నాటికి ఆమె వయస్సు 52 ఏండ్లు. ఆమె ట్రయథ్లాన్ పందెగత్తె కాదు. కాని ట్రయథ్లాన్‌లో పలువురిని గట్టునే నిలిపివేయు నీటిభయమును పెద్దవయస్సున గెలిచినది.

ఇక శిక్షణ మాట. మొదటివారముననే మూడింటిని మితిమీరి చేయువాడు మూడవ వారమునకు మోకాలు పట్టుకొని కూర్చుండును. దూరమును కొద్దికొద్దిగా పెంచవలెను. కొన్ని వారములకొకసారి తగ్గింపవలెను. దీర్ఘాభ్యాసముచేత గుండె ఒక్కొక్క కొట్టుకొనుటకు ఎక్కువ రక్తమును పంపగలుగును. కండరములు క్రొవ్వును ఇంధనముగా వాడుకొను నేర్పును పొందును. ఈ మార్పులు శ్రమించు వేళకంటె విశ్రమించు వేళనే స్థిరపడును. కావున నిద్ర కూడ శిక్షణలో భాగము. సైకిలు దిగిన వెంటనే పరుగెత్తుట వేరుగా అభ్యసింపవలసిన విద్య. గంటలకొలది తొక్కుడునకు అలవాటుపడిన కాళ్లు నేలమీద మొదటి ఫర్లాంగున పరాయివారి కాళ్లవలె తోచును.

ఆహారవిషయము మరింత సూక్ష్మమైనది. కండరములలోను, కాలేయములోను నిలువయుండు గ్లైకోజెన్ అను పిండిపదార్థము గట్టి శ్రమకు సుమారు రెండు గంటలు మాత్రమే చాలును. అది తరిగినప్పుడు ఎంతటి బలవంతునకైనను కాళ్లు కదలవు. అందుచేత సైకిలుపై నుండగనే అరటిపండో, తీపిపానీయమో కొంచెము కొంచెముగా పుచ్చుకొందురు. ఎండలో చెమటతో పాటు ఉప్పును పోవును. దాహమని వట్టి నీటినే మితిమీరి త్రాగినచో రక్తములోని ఉప్పు పలచబడి ప్రాణాపాయము కూడ కలుగవచ్చును. రాగిసంకటి తిని, ఉప్పువేసిన మజ్జిగ త్రాగి మడిలో దిగు రాయలసీమ రైతు ఈ శాస్త్రమును పుస్తకము లేకయే కొంతవరకు ఎరుగును.

ఇవన్నియు నేర్చిన వానికి చివర మిగులు కష్టము తొందరను అణచుకొనుట. దీనిని తెలుపుటకు అలిపిరి మెట్లకంటె మంచి ఉపమానము లేదు. అలిపిరినుండి తిరుమలకు 3,550 మెట్లు. మొదటి నిలువుదారిని ఉత్సాహముతో పరుగున ఎక్కిన పడుచువారు గాలిగోపురము వద్ద చతికిలబడుట యాత్రికులందరు చూచినదే. అటుపిమ్మట దారి కొంత సమమగును. అలసట తీరినట్లే యుండును. చివర మోకాళ్లమిట్ట ఎదురగును. మొదట వెనుకబడిన ముసలమ్మ ఒక్కొక్క మెట్టునకు పసుపు కుంకుమ పెట్టుచు అచ్చట పడుచువారిని దాటిపోవును. ట్రయథ్లాన్‌లో ఈత గాలిగోపురము, పరుగు మోకాళ్లమిట్ట.

1982 ఫిబ్రవరిలో హవాయి పందెమున జూలీ మాస్ అను కళాశాల విద్యార్థిని స్త్రీలలో అందరికంటె ముందుండెను. గమ్యము కొలది దూరమున నుండగా ఆమె దేహము ఆమె మాట వినుట మానినది. పడెను, లేచెను, మరల పడెను. చివరి అడుగులలో కాథ్లీన్ మెకార్ట్నీ ఆమెను దాటిపోయి గెలిచెను. మాస్ లేవలేక, చేతులతో మోకాళ్లతో ప్రాకుచు పోయి గీతను తాకెను. టెలివిజనులో ఆ దృశ్యము చూచిన ఎందరో మరుసటి ఏండ్లలో ఈ పందెమున చేరిరి. ఆమె పట్టుదలను ఎంత పొగడినను తక్కువే. కాని కొత్తగా అభ్యసించువాడు ఆమె ప్రాకుటను ఆదర్శముగా తీసికొనరాదు. తల తిరిగి కాళ్లు తడబడునప్పుడు ఆగి వైద్యుని చేరుటయు పందెగాడు నేర్వదగిన విద్యయే.

అట్లయిన సామాన్యుని లక్ష్యమేది? మొదటిసారి గడువులోపల గమ్యము చేరుట. రెండవసారి తన పాత కాలమునుండి కొన్ని నిముషములు తగ్గించుట. వానికి గెలుపు ఓటములు గడియారముతోనే. ఆ గడియారము ఎవరిమీదను దయ చూపదు.

జపాను దేశస్థుడు హిరోము ఇనాదా ఆ సంగతి ఎరిగినవాడు. ఆయన అరువదవ యేట ఉద్యోగము మాని, వ్యాధిగ్రస్తురాలైన భార్యకు సేవచేయుచు, ఈత మొదలుపెట్టెను. తన మొదటి ట్రయథ్లాన్ చేయునాటికి ఆయనకు 70 ఏండ్లు. 2015లో, 82వ యేట, హవాయి పందెమున పగలంతయు శ్రమించి, రాత్రి గమ్యము ఎదుటనే పడిపోయి, లేచి గీత దాటునప్పటికి 17 గంటల గడువు కొలది సెకన్లు మించినది. లెక్కప్రకారము ఆయన పందెము ముగించినవాడు కాడు. ప్రేక్షకులు ఎంత కేకలు వేసినను ఆ లెక్క మారలేదు.

ఆయన తన ఊరికి పోయి మరల అభ్యాసమునకు పూనెను. హవాయిలో ఒక ఆచారము కలదు: పగలే గెలిచి విశ్రమించిన వీరులు అర్ధరాత్రి వేళకు తిరిగివచ్చి, కడపటివారికై గీతవద్ద వేచియుందురు. 2018 అక్టోబరులో 85 ఏండ్ల ఇనాదా ఆ దీపముల వెలుగులోనికి పరుగెత్తి వచ్చినప్పుడు గడియారములో ఇంకను ఆరు నిముషములు మిగిలియుండెను.