పంటకూ పంటకూ నడుమ

డిగ్రీ చేతికి రాగానే మన నెల్లూరు తీరంలో పిల్లల ముందు రెండు దారులుంటాయి. రొయ్యల గుంటల్లోనో, హేచరీలోనో, కృష్ణపట్నం ఓడరేవులోనో, తడ దగ్గర శ్రీసిటీ ఫ్యాక్టరీల్లోనో దొరికే జీతం ఒకటి. పీజీ, గ్రూప్స్, డీఎస్సీ అంటూ ఏళ్లు పట్టే చదువు ఇంకొకటి. ఇంటి పరిస్థితి చాలామంది చేత రెండూ మోయిస్తుంది. నేను వీఆర్ కాలేజీలో జువాలజీ చదివి, 1990ల మొదట్లో గుంటల మీద టెక్నీషియన్‌గా చేరాను. లెక్చరర్ కావాలనుకున్నాను, కాలేదు. ఇప్పుడు నీళ్ల పరీక్షల కోసం నా దగ్గరికి వచ్చే కుర్రాళ్లకు చెప్పే మాటలే ఇవి.

1. జీతం తీసుకున్నంత మాత్రాన లక్ష్యాన్ని వదులుకున్నట్టు కాదు.

"డిగ్రీ చదివి గుంటకట్ట మీద మేత చల్లుతున్నాడంట" అని ఊళ్లో అనేవాళ్లు. ఇలాంటి మాటలకు కుంగి పని మానేసి, అప్పు చేసి హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గది తీసుకున్నవాళ్లను చూశాను. గెలిచినవాళ్లూ ఉన్నారు. అయితే అప్పు మీద చదివేవాడు ఒకసారి తప్పితే, రెండోసారి రాయమనే ధైర్యం ఇంట్లోవాళ్లకు ఉండదు. చిన్నదో పెద్దదో జీతం ఉన్నవాడు ఎవరినీ అడక్కుండా మళ్లీ ఫీజు కట్టుకుంటాడు.

2. తేదీ లేని నిర్ణయం నిర్ణయమే కాదు.

నేను చేరినప్పుడు టైగర్ రొయ్యకు మంచి ధర. పట్టుబడి బాగుంటే బోనస్ ఇచ్చేవాళ్లు. ఎమ్మెస్సీ దరఖాస్తు తెచ్చుకుని, ఈ పంట బోనస్ చూసుకుని చేరదామనుకునేవాణ్ణి. పంట మీద పంట వచ్చింది, దరఖాస్తు పెట్టెలోనే ఉండిపోయింది. 1994–95లో తెల్లమచ్చ వ్యాధి తగిలింది. నీరసించిన రొయ్యలు కట్టవారకు చేరడం కనబడిందంటే, వారం పది రోజుల్లో ఆ గుంట మీద ఆశ వదులుకోవాల్సిందే. ఆపైన 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, తీర నియంత్రణ పరిధిలో సంప్రదాయ పద్ధతిలో సాగని రొయ్యల గుంటలను తొలగించమని తీర్పిచ్చింది. నా ఉద్యోగం ఆ రోజుల్లోనే పోయింది. వ్యాధిని నేను ఆపలేను, నిజమే. ఫలానా జూన్‌కు మానేస్తానని ముందే రాసి పెట్టుకోవడం మాత్రం నా చేతిలో పనే.

3. మీ ఉద్యోగానికి తీరిక ఎప్పుడో ముందు కనిపెట్టండి.

ఇప్పుడు వేసే వనామీ రొయ్య పంట మూడు నాలుగు నెలలు. పట్టుబడి అయ్యాక గుంట ఎండగట్టి, సున్నం చల్లి, మళ్లీ నీళ్లు పెట్టి పిల్ల వదిలేదాకా టెక్నీషియన్‌కు కాస్త ఊపిరాడుతుంది. పిల్ల వదిలిన మొదటి నెల మేత పట్టిక ప్రకారం పడిపోతుంది, పని తేలిక. ఆఖరి నెలలో మాత్రం కంటికి కునుకుండదు. కాబట్టి కొత్త పాఠాలు పంటకూ పంటకూ నడుమ, తిరగేసుకోవడం మొదటి నెలలో, ఆఖరి నెలలో పేపరు చదివితే చాలు. ప్రైవేటు బడిలో చేసేవారికి వేసవి, లెక్కల ఆఫీసులో చేసేవారికి మార్చి దాటాక. రోజుకు నాలుగు గంటలని గోడమీద రాసుకుని, మూడోనాటికి తప్పి, నీరసపడటం కంటే ఇది మేలు.

4. అలసిన గంటను చదువుకిస్తే చదువు దక్కదు, నిద్రా దక్కదు.

రాత్రి మేత వేశాక రెండు గంటలకు చెక్ ట్రే ఎత్తాలి. తాడు లాగి, టార్చి వెలుగులో ట్రేలో ఎంత మేత మిగిలిందో, రొయ్య పేగు నిండిందో లేదో చూసి, తర్వాతి మేత తగ్గించాలా పెంచాలా తేల్చాలి. ఆ రెండు గంటల సందులో షెడ్డు బల్బు కింద పుస్తకం తెరిచేవాణ్ణి. చెవి ఏరేటర్ల చప్పుడు మీదే ఉండేది. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గుతుంది, ఆ వేళ కరెంటు పోతే జనరేటర్ దగ్గరికి పరుగెత్తాలి. పేజీలు తిరిగాయి కానీ తలకెక్కింది లేదు. డ్యూటీ దిగి పడుకుని లేచాక చదివిన ఒక్క గంటే నాకు మిగిలింది.

5. ఒక్క నోటిఫికేషన్ మీద బతుకంతా పెట్టకండి.

2018 డిసెంబరు ఆఖరున వచ్చిన గ్రూప్-1 ప్రకటనకు తుది ఫలితాలు 2022 జూలైలో గానీ రాలేదు. 2019లో గ్రామ, వార్డు సచివాలయ కొలువులకు జూలైలో ప్రకటన వస్తే సెప్టెంబరులో పరీక్షలు అయిపోయాయి, అక్టోబరు 2కు సచివాలయాలు మొదలయ్యాయి. అక్కడ మత్స్య సహాయకులుగానో మరొకటిగానో చేరినవాళ్లు ప్రొబేషన్‌లో నెలకు 15,000 తీసుకుంటూనే పెద్ద పరీక్షలకు చదువుకోగలిగారు. ప్రకటన ఎప్పుడొస్తుందో, కోర్టులో ఎన్నాళ్లుంటుందో అభ్యర్థి చేతిలో లేదు. అన్నాళ్లూ ఏం తిని చదవాలన్నది మాత్రం చాలావరకు మన చేతిలోదే.

6. చేసిన పనికి కాగితం మిగుల్చుకోండి.

మొదటి ఉద్యోగం నుంచి అనుభవ ధ్రువపత్రం తీసుకోకుండానే వచ్చేశాను. తర్వాత అడుగుదామంటే అక్కడ ఇచ్చే మనిషే లేడు. ఉప్పుశాతం, పీహెచ్, మేత లెక్క రాసుకున్న నోటుపుస్తకాలు మాత్రం దాచుకున్నాను. 2009లో వనామీకి అనుమతి వచ్చి గుంటలు మళ్లీ నిండినప్పుడు, ఆ పుస్తకాలు చూసే నన్ను పనికి పిలిచారు. రిలీవింగ్ లెటర్, పీఎఫ్ నంబరు, నేర్చుకున్నది రాసుకున్న పుస్తకం: చేస్తున్న ఉద్యోగం మీ లక్ష్యం కాకపోయినా ఈ మూడూ తీసుకునే బయటికి రండి.

7. ఇంట్లో లెక్క ముందే తేల్చండి.

ఇంటికెంత ఇస్తారో, ఎన్నాళ్లిస్తారో, చదువుకెంత పక్కన పెడతారో కూర్చుని చెప్పండి. ఆడపిల్లలు మరీ ముఖ్యంగా చెప్పాలి, లేకపోతే మీ ఏళ్ల లెక్క వేరేవాళ్లు వేసేస్తారు. నా బోనస్ ఏటా వస్తుందనుకుని మా నాయన ఇల్లు మొదలుపెట్టాడు. ఆయన్ను తప్పుపట్టే హక్కు నాకు లేదు. పెట్టెలో ఉన్న దరఖాస్తు సంగతి నేనాయనకు ఏనాడూ చెప్పలేదు. చెప్పి ఉంటే వద్దనేవాడేమో, గోడలు అక్కడికి ఆపి పొమ్మనేవాడేమో. అడిగి ఉంటే ఏదో ఒక జవాబు వచ్చేది. మీరు అడగండి.