కలిసి వాయించే సంగీతం – మన తప్పెట

జాజ్, రాక్, శాస్త్రీయ సంగీతం ఒకే కచేరీలో కలిస్తే దాన్ని ‘ఫ్యూజన్’ అంటారు. చాలామంది దీన్ని కట్టుబాటు లేని కలగాపులగం అనుకుంటారు. కానీ దానికీ గట్టి లెక్క ఉంది. ఆ లెక్క ఏమిటో, అందులో ఒక తెలుగు బిడ్డ ఎలా పేరు తెచ్చుకున్నాడో, మన తప్పెటకు అక్కడ చోటుందో లేదో తెలుసుకుందాం.

మూడు దారులు

జాజ్ 20వ శతాబ్దం ఆరంభంలో అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో నల్లజాతి ప్రజల మధ్య పుట్టింది. వాయించేవారు ఒక బాణీని తీసుకొని అప్పటికప్పుడు కొత్తగా పెంచుతారు. రాక్ 1950ల నుంచి ఎలక్ట్రిక్ గిటార్, డ్రమ్స్‌తో ఎదిగింది. మన కర్ణాటక సంగీతంలో అప్పటికప్పుడు కల్పించడాన్ని ‘మనోధర్మం’ అంటారు. జాజ్, కర్ణాటక సంగీతం కలిసే చోటు ఇదే.

ఇంగ్లండుకు చెందిన గిటార్ విద్వాంసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ తబలా జాకీర్ హుస్సేన్, వయొలిన్ ఎల్.శంకర్, ఘటం విక్కు వినాయక్‌రామ్‌లతో కలిసి ‘శక్తి’ బృందాన్ని నడిపారు. వారి మొదటి ఆల్బమ్ 1976లో వచ్చింది. 1990ల చివర ఆ బృందం ‘రిమెంబర్ శక్తి’గా మళ్ళీ మొదలైంది.

పాలకొల్లు బాలుడు

ఆ రెండో బృందంలో చేరినవాడే మాండలిన్ యు.శ్రీనివాస్. 1969లో పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో పుట్టాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండలిన్ వాయించడం రాదు. ఆయన పాడేవారు, పిల్లవాడు విని వాయించేవాడు. అలా విని నేర్చుకోవడమే అతని బలమైంది. మాండలిన్ విదేశీ వాద్యం. మామూలుగా నాలుగు జతల తంతులుంటాయి. శ్రీనివాస్ గమకాలు పలకడానికి వీలుగా ఐదు ఒంటి తంతుల ఎలక్ట్రిక్ మాండలిన్ వాడాడు. 1998లో పద్మశ్రీ అందుకున్నాడు. 2000 డిసెంబరులో ముంబాయిలో ఈ బృందం చేసిన కచేరీ మరుసటి ఏడాది ఆల్బమ్‌గా వచ్చింది. అందులో సంతూర్ శివకుమార్ శర్మ, డ్రమ్స్ శివమణి కూడా ఉన్నారు. శ్రీనివాస్ 2014లో 45 ఏళ్ళకే కన్నుమూశాడు. శక్తి బృందానికి 2024లో గ్రామీ అవార్డు వచ్చింది.

ఎలా కుదురుతుంది?

రాగం, తాళం, ఒక బాణీ ముందే ఒప్పుకుంటారు. తర్వాత వంతులవారీగా కల్పిస్తారు. ఒకరు ప్రశ్నలా వాయిస్తే ఇంకొకరు జవాబిస్తారు. చివర అందరూ ‘సమం’ మీద, అంటే తాళం మొదటి దెబ్బ మీద, కలుస్తారు.

మీరే చేసి చూడండి. ఆది తాళానికి 8 దెబ్బలు. రెండుసార్లు తిరిగితే 16. మొదటి దెబ్బ వదిలేయండి. రెండో దెబ్బ నుంచి ‘త ది గి ణ తొం’ అని దెబ్బకొక అక్షరం చొప్పున మూడుసార్లు చెప్పండి. ఐదు మూళ్ళు పదిహేను. 16వ దెబ్బకు మాట పూర్తయి, తర్వాతి దెబ్బ సరిగ్గా సమం మీద పడుతుంది. పక్కవాడి లెక్క వినకపోతే ఇది కుదరదు.

కంజీర, తప్పెట

రిమెంబర్ శక్తిలో వినాయక్‌రామ్ గారి కుమారుడు సెల్వగణేష్ కంజీర వాయించాడు. కంజీర అంటే చెక్క చట్రానికి ఒకవైపు తోలు మూసిన చిన్న వాద్యం. పూర్వం ఉడుము తోలు వాడేవారు. పుదుక్కోటకు చెందిన మాన్పూండియా పిళ్ళై దాన్ని కచేరీ వేదికకు తెచ్చారు. మన తప్పెట కూడా చట్రానికి ఒకవైపు తోలు మూసినదే. కంజీరకు నీళ్ళు తడిపి శ్రుతి దించుతారు, తప్పెటను మంటకు కాచి బిగిస్తారు. రెండూ ఒకే జాతి వాద్యాలు. ఒకటి సభలో కూర్చుంది, ఒకటి వీధిలో నిలబడింది. ఆ తేడా తోలులో లేదు, వాయించేవారిని లోకం చూసే చూపులో ఉంది.

పీర్ల పండుగకూ, జాతరకూ, చావుకూ మన పెద్దలు కొట్టే దరువుల్లో ఎంతో లెక్క దాగి ఉంది. చాలా చోట్ల వార్షికోత్సవాల్లో అతిథులను తీసుకురావడానికి తప్పెట కావాలి, స్టేజీ మీదికి మాత్రం రికార్డు పాట కావాలి. తమ్ముళ్ళారా! సెలవులకు ఊరెళ్ళినప్పుడు పెద్దల దగ్గర ఒక్కో దరువు నేర్చుకొని రండి. దాని లెక్క నోటుబుక్కులో రాసుకోండి. కీబోర్డు వచ్చినవాడినీ, భజన పాడేవాడినీ పక్కన కూర్చోబెట్టుకోండి. ఎవరి విద్య వారు గట్టిగా నేర్చి, ఎదుటివారిది శ్రద్ధగా వింటే, మన హాస్టల్ స్టేజీ మీద కూడా ఆ సమం పడుతుంది.