అంతా క్షేమమేనా?

పండుగ దినముల వేదపాఠము

చదువవలసిన భాగములు: 2 రాజులు 4:8–37, 8:1–6, కొలొస్సయి 4:7–9, ఫిలిప్పీ 2:25–30.



క్రిస్మసు మొదలుకొని సంక్రాంతి వరకు మన పల్లెలలో రాకపోకల కాలము. వరికోతలు ముగియుచుండును. కుప్పలు లేచును. కోసిన చేలలో మినుము పచ్చగా కనబడును. ఇండ్లకు సున్నము వేసి వాకిట నక్షత్రము కట్టుదుము. అత్తవారిండ్ల నుండి ఆడపడుచులు వత్తురు. దూరమున ఉద్యోగములు చేయు పిల్లలు వత్తురు. చిన్ననాటి స్నేహితులు ఒకరి యింటికి ఒకరు పోవుదురు. అరిసెల పళ్లెము నడుమ పెట్టుకొని, ఎవరి గేదె ఈనినది, ఎవరి పిల్లకు సంబంధము కుదిరినది, ఎకరమునకు ఎన్ని బస్తాలు పండినవి అని ప్రొద్దుపోవు వరకు చెప్పుకొందురు.

ఇవి లోకపు మాటలు, భక్తులకు తగవు అని తలంచువారు కలరు. వేదము అట్లు చెప్పలేదు. పౌలు బంధకములలో నుండి కొలొస్సయి సంఘమునకు గొప్ప ఉపదేశము వ్రాసి, తన సంగతులన్నియు తుకికు నోట వినుడని పత్రిక చివర చెప్పెను. అతనితో కూడ ఒనేసిమును పంపెను. ఉపదేశము పత్రికలో వ్రాసెను. కబురు మనుష్యులతో పంపెను. ఫిలిప్పీ సంఘమువారు పంపిన ఎపఫ్రొదితు రోగియై చావునకు దగ్గరగా పోయెను. తాను రోగియైన కబురు తనవారికి తెలిసెనని అతడు మిక్కిలి విచారపడెను. ఒక మనుష్యుని రోగపు కబురు పరిశుద్ధ గ్రంథములో చేరి, నేటికిని సంఘములలో చదువబడుచున్నది. కాబట్టి ఇంటి కబురులు చెప్పుకొనుట తప్పు కాదు. వాటిని ఎట్లు అడుగుచున్నాము, ఎట్లు చెప్పుచున్నాము అనునదే ఈ నెల పాఠము.

1. మన కుశలప్రశ్న

మన పెద్దలు ఉత్తరము వ్రాయునప్పుడు "ఉభయ కుశలోపరి" అని మొదలుపెట్టి, ఇచ్చట మేమందరము క్షేమము, మీ క్షేమము తెలియజేయవలెను అని వ్రాయువారు. ఇంట జ్వరమున్నను ఆ మాట అట్లే వ్రాయుట వాడుక. ఇప్పుడు కార్డునకు బదులు చేతిలోనికి ఫోను వచ్చినది. క్రొత్త బట్టలు కట్టుకొన్న ఫోటో నిమిషములో బంధువులందరికి చేరుచున్నది. ఆ బట్టలకు తెచ్చిన అప్పు మాత్రము ఫోటోలో కనబడదు.

ఒక సంగతి తలంచుకొందము. ఇది ఫలానావారి కథ కాదు. మనలో ఎవరి యింటనైనను జరుగగల సంగతి. లూథరను, బాప్టిస్టు మిషనులు మన ప్రాంతమున పెట్టిన బోర్డింగు బడులలో అనేక పల్లెల ఆడపిల్లలు కలిసి చదువుకొనిరి. అట్టి బడిలో ఒక్క చాపమీద పండుకొని పెరిగిన స్నేహితురాండ్రు ఇద్దరు. ఒకతె బాపట్ల ప్రక్క పల్లెకు, రెండవది రేపల్లె ప్రక్క పల్లెకు కాపురమునకు పోయిరి. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా ఏర్పడిన పిదప ఇద్దరిదియు ఒకే జిల్లా ఆయెను గాని, రైలులో పోవలెనన్న మాత్రము గుంటూరు జిల్లాలోని తెనాలిలో దిగి బండి మారవలసినదే.

క్రిస్మసు వెళ్లిన మూడవ దినమున తెనాలి స్టేషనులో ఇద్దరును కలిసికొనిరి. రేపల్లె బండికి ఇంక అరగంట ఉండెను. బెంచీమీద కూర్చుండి, బాపట్ల ఆమె తన కుమారుని ఉద్యోగము గూర్చి చెప్పెను, క్రొత్తగా వేసిన శ్లాబు గూర్చి చెప్పెను, పండుగకు వచ్చిన అల్లుని గూర్చి చెప్పెను. బండి కూత వినబడినప్పుడు జ్ఞాపకము వచ్చి అడిగెను:

"మీ యింట్లో అంతా బాగేనా వదినా?"

"ఆఁ, బాగే వదినా. దేవుని దయ."

బండి కదిలెను. బాపట్ల ఆమె చేయి ఊపెను. స్నేహితురాలి చెవులకు కమ్మలు లేవు. రంధ్రములు పూడకుండ వేపపుల్లలు పెట్టుకొని యుండెను. బాపట్ల ఆమె దానిని చూచెను. చూచియు అడుగలేదు.

ఆ యేడు డిసెంబరు వానకు కోసిన వరి పనలమీదనే మొలకెత్తెను. చేను కౌలుది; పంట పోయినను కౌలు బస్తాలు కొలువవలసినదే. ఇంటి యజమానునికి కాళ్లు వాచి మూడు నెలలాయెను. కమ్మలు తాకట్టులోనికి పోయెను. కుమార్తె కాలేజీ ఫీజు కట్టలేదు. "బాగే" అను ఒక్క మాట క్రింద ఇన్ని సంగతులు దాగి యుండెను.

2. షూనేము గృహిణి

ఇప్పుడు వేదభాగమునకు వత్తము. షూనేములో ఒక ఘనురాలుండెను. దైవజనుడైన ఎలీషాకు గోడమీద చిన్న గది కట్టించి, మంచము, బల్ల, పీట, దీపస్తంభము అమర్చెను. నీకేమి కావలెనని అతడు అడిగించినప్పుడు, తాను తనవారి మధ్యనే యున్నానని చెప్పి ఏమియు కోరలేదు. చేయి చాపుట ఎరుగని యిల్లు అది. ఆమెకు లేక లేక ఒక కుమారుడు పుట్టెను.

కోతకాలమున ఆ బిడ్డ కోతగాండ్రయొద్ద నున్న తండ్రి దగ్గరకు పోయి, తల నొచ్చుచున్నదని ఏడ్చెను. మధ్యాహ్నమునకు తల్లి ఒడిలో చనిపోయెను. ఆమె బిడ్డను దైవజనుని మంచముమీద పండుకొనబెట్టి, తలుపు వేసి, ప్రయాణమునకు గాడిదను అడిగించెను. నేడు అమావాస్యయు కాదు, విశ్రాంతిదినమును కాదు, ఎందుకు పోవుదువని పెనిమిటి అడిగెను. క్షేమమే అనెను. కర్మెలు పర్వతమునొద్ద గేహజీ ఎదురువచ్చి, నీకు, నీ పెనిమిటికి, నీ బిడ్డకు క్షేమమేనా అని ముగ్గురిని పేరుపేరున అడిగెను. అతనితోను క్షేమమే అనెను. హెబ్రీ భాషలో ప్రశ్నయు జవాబును ఒక్కటే మాట, షాలోమ్. సమాధానము, క్షేమము, కొరత లేకుండుట అని దాని భావము. ఇంట బిడ్డ శవమై యుండగా ఆ తల్లి నోట వచ్చిన మాట అది.

ఆమె అబద్ధికురాలని వేదము నిందింపలేదు. దారిలో నిలిచి అడిగినవానికి దారిమాట చెప్పెను. ఎలీషా పాదములు పట్టుకొన్నప్పుడు లోపలిమాట చెప్పెను. కుశలమడిగినవారందరియెదుట మన గాయమును విప్పనక్కరలేదు. అయితే ఎవరో ఒకరియెదుట విప్పవలెను. అట్టి ఒక్కరు కూడ లేని యిల్లు మన సంఘములో ఉండరాదు.

3. ఎందుకు దాచుదుము?

మొదటిది, సిగ్గు. పండుగపూట అందరు నవ్వుచుండగా మనమే ఏడ్చుట ఎట్లు అని తలంతుము. నయోమి అట్లు తలంపలేదు. యవలకోత ఆరంభమున ఆమె బేత్లెహేమునకు వచ్చినప్పుడు, తాను నిండుగా పోయి రిక్తురాలై వచ్చితినని ఊరి స్త్రీలయెదుట దాచక చెప్పెను (రూతు 1:19–22). ఆ ఇంటి సంగతి బోయజు చెవిని పడియుండెను గనుకనే రూతును చూచి దయచేసెను (2:11).

రెండవది, భయము. చెప్పిన మాట రేపటికి చెరువుగట్టున చేరునను భయము. ఇంటింట తిరిగి పనికిమాలిన మాటలు మోయువారిని గూర్చి పౌలు తిమోతికి హెచ్చరిక వ్రాసెను (1 తిమోతి 5:13). ఆ దోషము స్త్రీలది మాత్రమే కాదు. టీకొట్టు బల్లలమీద కూర్చుండు పురుషులును తమను తాము పరీక్షించుకొనవలెను. ఒక యింటి దుఃఖము మన నోట వినోదమైనప్పుడు, పది యిండ్లవారు తమ నోళ్లు మూసికొందురు.

మూడవది, అడిగినవారు జవాబు కొరకు నిలువరు. తెనాలి స్టేషనులో జరిగినది ఇదే. తన సంగతులకు అరగంట, స్నేహితురాలి సంగతులకు ఒక్క కూత.

మన తీరవాసులకు ఈ ప్రశ్న విలువ తెలియని సంగతి కాదు. 1977 నవంబరు 19న తుఫానును ఉప్పెనయు వచ్చి, దివిసీమలోను ఈ తీరమునను వేలాదిమందిని తీసికొనిపోయినవి. ఆ యేటి క్రిస్మసు దానికి 36 దినముల తరువాత వచ్చెను. అప్పుడు "మీవాళ్లంతా క్షేమమేనా?" అని అడుగుట మర్యాదకొరకైన మాట కాదు. అడిగినవాడు జవాబునకు జడియుచునే నిలిచి వినవలసియుండెను. అట్టి గొప్ప ఆపద వచ్చినప్పుడే గాక, ఒక్క యింట చిన్న ఉప్పెన వచ్చినప్పుడును అట్లే నిలిచి వినవలెను.

4. ఎలీషా చేసినది

అతడు చేసిన మూడు పనులు గమనించుడి.

ఆమె పాదములు పట్టుకొన్నప్పుడు గేహజీ ఆమెను తోసివేయబోయెను. ఎలీషా వలదనెను, ఆమె ప్రాణము వ్యాకులముగా నున్నదని గ్రహించెను. ఏడ్చువారిని చూచి "ఊరుకో, పండుగనాడు ఏడవకూడదు" అనుట గేహజీ పని.

మరియు, యెహోవా ఆ సంగతి తనకు తెలియజేయక మరుగుచేసెనని ఎలీషా ఒప్పుకొనెను. అంతటి ప్రవక్తకే తాను ఆతిథ్యము పొందిన యింటి దుఃఖము తెలియలేదు. మనకు ప్రక్కయింటి దుఃఖము దానంతట అదే తెలియునని అనుకొనవచ్చునా? అడుగనిదే తెలియదు.

చివరకు, అతడు తానే పోయెను. ముందు తన కఱ్ఱనిచ్చి గేహజీని పంపెను. ఆ కఱ్ఱ బిడ్డ ముఖముమీద పెట్టినను శబ్దము రాలేదు. తల్లి మాత్రము ఎలీషాను విడువలేదు. అతడు వచ్చి, తలుపు వేసి, ప్రార్థన చేసి, బిడ్డమీద తన శరీరము చాచెను. చల్లని దేహమునకు తన వెచ్చదన మిచ్చెను. "ప్రార్థన చేస్తామండి" అని ఫోనులో పంపు మాట మంచిదే గాని, దానితోనే ఆగిపోయినయెడల అది ఒంటరిగా పోయిన కఱ్ఱవంటిది. చలికి వణకువానితో వెచ్చగా నుండుమని మాత్రము చెప్పి పంపుటను యాకోబు కూడ మందలించెను (యాకోబు 2:15–16).

5. కబురు సాక్ష్యమైనప్పుడు

షూనేమీయురాలి కథ అక్కడితో ముగియలేదు. ఏడు సంవత్సరముల కరవులో ఆమె ఫిలిష్తీయుల దేశమునకు పోయి, తిరిగివచ్చి, తన యిల్లు, పొలము కొరకు రాజునొద్ద మొరపెట్టబోయెను. సరిగా ఆ సమయముననే గేహజీ ఆమె బిడ్డ బ్రదికిన సంగతి రాజునకు చెప్పుచుండెను. రాజు ఆమెనే అడిగెను, ఆమెయే చెప్పెను. ఇల్లును పొలమును మాత్రమే గాక, ఆమె లేని కాలపు పంట రాబడి కూడ ఇప్పించెను.

చాడీకిని సాక్ష్యమునకును గల భేదము ఇక్కడ తెలియుచున్నది. ఒకరి యింటి కబురు మోయునప్పుడు రెండు ప్రశ్నలు వేసికొనుడి. నేను చెప్పుచున్నది సహాయము చేయగలవారితోనేనా? ఆ యింటివారు ఇప్పుడు లోపలికి వచ్చినయెడల, సిగ్గుపడక ఈ మాటనే చెప్పగలనా? రెంటికిని అవునని జవాబు వచ్చిననే నోరు తెరువుడి.

6. తిరిగి అడిగిన ప్రశ్న

ఆ స్నేహితురాండ్ర సంగతి చెప్పి ముగింతును. బాపట్ల ఆమెకు ఇంటికి వచ్చినను ఆ వేపపుల్లలు కన్నులముందు నుండి పోలేదు. నాలుగవ దినమున మరల తెనాలిలో బండి మారి రేపల్లె పోయెను. పండుగ పిండివంటలు తీసికొనిపోయెను గాని, తన కుమారుని సంగతి ఎత్తలేదు. వంటయింటిలో చాపమీద కూర్చుండి మొదటనే చెప్పెను:

"ఆ రోజు అడిగాను గానీ వినలేదు వదినా. ఇవాళ రాత్రికి ఇక్కడే ఉంటాను. చెప్పు."

దీపము ఆర్పిన పిదప ఆమె చెప్పెను. తెల్లవారి యజమానుని ఆసుపత్రికి తీసికొనిపోయిరి. ఆ యింటివారి అనుమతితో కాలేజీ ఫీజు సంగతి ఇద్దరు సంఘపెద్దలకు మాత్రమే తెలిపిరి. అప్పు ఒక్క రాత్రిలో తీరలేదు. కమ్మలు ఇంకను విడిపింపబడలేదు. అయితే ఆ భారమును ఇప్పుడు ఒక్కతె మోయుట లేదు. ఒకరి భారములను ఒకరు భరించుటయే క్రీస్తు నియమమును నెరవేర్చుట అని గలతీయులకు వ్రాసిన పత్రిక బోధించుచున్నది (6:2).

క్రిస్మసు సువార్తయు ఇదియే గదా. దేవుడు మన క్షేమమును దూరమునుండి అడిగి ఊరకుండలేదు. ఆయన తానే మన యింటికి వచ్చెను, పశువుల తొట్టిలో పండుకొనెను, మన మధ్య నివసించెను.

కుటుంబ ప్రార్థనలో ఆలోచింపవలసిన ప్రశ్నలు

1. ఈ పండుగ దినములలో నేను ఎవరిని కుశలమడిగి జవాబు వినకయే వచ్చితిని?

2. నా యింటి దుఃఖమును చెప్పుకొనుటకు నమ్మదగినవారు ఎవరు? నన్ను నమ్మి చెప్పుకొనగలవారు ఎవరు?

3. సంక్రాంతి లోపల మరల పోయి అడుగవలసిన యిల్లు ఏది?

ప్రార్థన: దయగల తండ్రీ, మా యిండ్లలోని సంతోషమును దుఃఖమును నీవెరుగుదువు. అడుగుటకు ప్రేమను, వినుటకు ఓర్పును, దాచవలసినదానిని దాచు నమ్మకత్వమును మాకు దయచేయుము. చెప్పుకొనలేక పండుగపూట నవ్వుచున్నవారి యొద్దకు మమ్మును పంపుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.