గీజరు మొరాయిస్తే ఏం చేయాలి?

వేణ్ణీళ్ల స్నానం బాలింతలకు, కీళ్లనొప్పులున్న పెద్దలకు ఎంతో హాయినిస్తుంది. అయితే అదే గీజరు పాడైతే కాలిన గాయాలకు, కరెంటు షాకుకు కారణమవుతుంది. కనుక ఈ పాఠంలో, ఇంట్లో మనం ఏమి చూసుకోవచ్చో, ఎక్కడ ఆగిపోవాలో తెలుసుకుందాం.

గీజరు ఎలా పనిచేస్తుంది?

తొట్టిలోని హీటింగ్ ఎలిమెంటు నీటిని కాస్తుంది. తగినంత వేడెక్కగానే థర్మోస్టాటు కరెంటును ఆపుతుంది. అది పనిచేయకపోతే కటౌటు ఆపుతుంది. లోపల ఒత్తిడి పెరిగితే సేఫ్టీ వాల్వు వదిలిస్తుంది. 15 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుండి 60 డిగ్రీలకు తేవడానికి 2000 వాట్ల ఎలిమెంటుకు సుమారు 20 నిమిషాలు పడుతుంది.

లక్షణాలు – కారణాలు

1. దీపం వెలగదు, నీరు కాగదు: ముందుగా ఎం.సి.బి., ప్లగ్గు చూడండి. ప్లగ్గు నల్లబడినా, కరిగినా వాడవద్దు. దీనికి ఎర్తు ఉన్న 16 ఆంపియర్ల సాకెట్టే ఉండాలి.

2. దీపం వెలుగుతుంది, నీరు కాగదు: ఎలిమెంటు తెగి ఉండవచ్చు. ఎలక్ట్రీషియన్ మీటరుతో చూస్తే మంచి 2000 వాట్ల ఎలిమెంటు సుమారు 26 ఓమ్‌లు చూపుతుంది.

3. ఆలస్యంగా కాగుతుంది: ఎలిమెంటుకు గార పట్టి ఉండవచ్చు. బోరు నీరు వాడే ఇళ్లలో ఇది ఎక్కువ. తొట్టి తుప్పు పట్టకుండా కాపాడే మెగ్నీషియం కడ్డీ కూడా అరిగిపోతుంది. మన విశాఖలో సముద్రపు గాలికి బయటి స్క్రూలు, వైరు చివరలు కూడా తుప్పు పడతాయి. అందుకే ఏటా ఒకసారి తనిఖీ చేయించండి.

4. నీరు సలసల మరుగుతుంది: థర్మోస్టాటు చెడింది. వెంటనే స్విచ్ ఆపండి. కటౌటు పడిపోతే కారణం తెలియకుండా మళ్లీ నొక్కవద్దు.

5. కాగేటప్పుడు వాల్వు నుండి చుక్కలు పడతాయి: కొద్దిగా అయితే సహజమే. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. ఆ రంధ్రాన్ని ఎన్నడూ మూయకండి.

6. కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటుంది, లేదా ఎం.సి.బి. మాటిమాటికీ పడిపోతుంది: ఇది ప్రాణాపాయ సూచన. మెయిన్ ఆపించండి. బాగుచేయించే వరకు ఆ స్నానాలగదిని వాడవద్దు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకోవడం మంచిది.

మూత విప్పే పని ఎలక్ట్రీషియన్‌కే వదలండి. ఆ పని మొదలయ్యేలోగా మెయిన్ ఆపాలి. ఖాళీ తొట్టితో గీజరు వేయరాదు.

ప్రమాదం జరిగితే

షాకు తగిలిన వారిని నేరుగా తాకకండి. మెయిన్ ఆపి, 108కి ఫోన్ చేయండి. శ్వాస లేకపోతే గుండె మధ్యభాగాన్ని నిమిషానికి 100 నుండి 120 సార్లు గట్టిగా నొక్కుతూ ఉండండి.

వేణ్ణీళ్లు పడి కాలితే, కుళాయి నీటి కింద 20 నిమిషాలు ఉంచండి. టూత్‌పేస్టు, సిరా, వెన్న రాయకండి. చిన్నపిల్లలకు ముఖం, చేతులు కాలినా, బొబ్బలు వచ్చినా ఆస్పత్రికి తీసుకురండి.

60 డిగ్రీల నీరు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని లోతుగా కాల్చగలదు. పసిపిల్లల చర్మం మరింత పలుచన. కనుక బకెట్టులో ముందు చన్నీళ్లు పోసి, తర్వాత వేణ్ణీళ్లు కలిపి, మోచేతితో చూసి స్నానం చేయించండి.