క్షయవ్యాధి: కతర్‌గామ్ పనివారు తెలిసికొనవలసిన సంగతులు

సూరత్ నగరమునందలి కతర్‌గామ్ పేట వజ్రములకు సానపట్టు కర్మాగారములకు పేరుపొందినది. మరమగ్గములకు ప్రసిద్ధి కెక్కిన ఆ నగరమునకు తెలంగాణపు నేతపనివారు ఏండ్ల తరబడి వలసపోవుచున్నారు. అట్టి పేటలలో ఒక్కొక్క గదిలో పలువురు కలసి వండుకొని తినుటయు, పగటిపాళీవారు లేచిన పక్కపై రాత్రిపాళీవారు పరుండుటయు కలదు. దుమ్ములో పనిచేయువారికి దగ్గు వింతగా తోచదు. క్షయ దాగియుండుటకు ఇదియే చాలును.

ఈ వ్యాధికి కారణమగు సూక్ష్మజీవిని 1882 మార్చి 24వ తేదీన రాబర్ట్ కోక్ అను జర్మను వైద్యుడు వెల్లడించెను. ఇది వంశపారంపర్యముగా వచ్చునది కాదు, పాపఫలమును కాదు. శ్వాసకోశములలో క్షయ గలవారు దగ్గినపుడు వెలువడు సన్నని తుంపరలు గాలిలో తేలుచు, పీల్చినవారి రొమ్ములో ప్రవేశించును. కంచము, గ్లాసు వేరుచేయుటవలన ప్రయోజనము లేదు. కిటికీ తెరచుటవలన మిక్కిలి కలదు. సూక్ష్మజీవి సోకిన వారిలో అధికులకు వ్యాధి రానేరాదు. తిండి చాలనివారికి, మధుమేహము లేక హెచ్.ఐ.వి. గలవారికి, పొగ త్రాగువారికి, మద్యపానము చేయువారికి భయ మెక్కువ.

వ్యాధి చాపక్రింద నీరువలె వచ్చును. రెండు వారములు దాటినను తగ్గని దగ్గు, సాయంకాలపు జ్వరము, రాత్రివేళ పక్క తడియునంతటి చెమట, ఆకలి మందగించుట, బరువు తగ్గుట, రొమ్ము నొప్పి దీని లక్షణములు. కొందరికి కఫములో రక్తము పడును. అది పడలేదు గనుక క్షయ కాదనుకొనుట పొరపాటు. మెడలో గడ్డలు, వెన్నెముక నొప్పి, కడుపు ఉబ్బు రూపమునను ఈ వ్యాధి రావచ్చును. పసిపిల్లలకు మెదడు పొరలలో వచ్చునది అతి ప్రమాదకరము.

లక్షణములు కనబడినంతనే కఫ పరీక్ష చేయించుకొనవలెను. ఉదయము లేచినంతనే లోతుగా దగ్గి తీసిన కఫము మంచిది, ఉమ్మి పనికిరాదు. సూక్ష్మదర్శినితో చూచుట పాత పద్ధతి. నేడు సూక్ష్మజీవి జన్యుపదార్థమును గుర్తించు యంత్రము కొద్ది గంటలలో వ్యాధిని కనిపెట్టుటయే గాక, రిఫాంపిసిన్ అను ముఖ్యమైన మందునకు అది లొంగునో లొంగదో కూడ తెలుపును. ఎక్స్‌రే సాయపడును గాని, సాధ్యమైనంతవరకు కఫముతోనే నిర్ణయింపవలెను. చర్మముపై చేయు సూదిపరీక్ష సూక్ష్మజీవి సోకినదని మాత్రమే చెప్పును.

మామూలు క్షయకు చికిత్స ఆరు నెలలు. మొదటి రెండు నెలలు ఐసోనయాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఎథాంబ్యుటాల్ అను నాలుగు మందులు. తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ విడిచి మిగిలిన మూడు. మోతాదు రోగి బరువును బట్టి యుండును. ఇవి ప్రభుత్వ కేంద్రములలో ఉచితము. రిఫాంపిసిన్ వలన మూత్రము నారింజరంగుగా మారును; దానికి జడిసి మందు మానరాదు. కన్నులు పచ్చబడినను, ఆగని వాంతులైనను, చూపు మందగించినను, అరికాళ్లు తిమ్మిరెక్కినను వెంటనే వైద్యునకు చెప్పవలెను. గర్భనిరోధక మాత్రలు వాడు స్త్రీలు ఆ సంగతి ముందే తెలుపవలెను. రిఫాంపిసిన్ వాటి బలమును తగ్గించును.

పూర్వము క్షయరోగి యనగా మదనపల్లె చెంత ఆరోగ్యవరము వంటి చోట నెలల తరబడి పరుండవలసినవాడే. 1956లో మద్రాసున ప్రారంభించి 1959లో ప్రకటించిన పరిశోధన ఆ భావమును మార్చివేసెను. ఇరుకిండ్లలో నుండి, చాలీచాలని తిండి తినుచు మందు పుచ్చుకొన్నవారును, ఆసుపత్రిలో మంచి ఆహారము, విశ్రాంతి పొందినవారును దాదాపు సమానముగా స్వస్థులైరి. ఇంటివారికి అదనముగా వ్యాధి సోకిన దాఖలాయు లేదు. పేదగదిలో నుండు పనివానికి ఇంతకంటె ధైర్యమిచ్చు వార్త మరియొకటి నా కెరుకలేదు.

అయితే అసలు చిక్కు రెండవ నెల చివర వచ్చును. దగ్గు పోవును, ఆకలి పుట్టును, బరువు పెరుగును. పనివాడు తనకు నయమైనదనుకొనును. దీపావళికి వజ్రపు కర్మాగారములు మూతపడగానే ఊరికి రైలెక్కును. మాత్రలు సూరత్‌లోనే నిలిచిపోవును. మిగిలిన సూక్ష్మజీవులు మరల పెరుగును. అవి మందులకు లొంగనివైనచో చికిత్స కఠినమగును. అట్టి క్షయకు సైతము ఆరు నెలల కొత్త చికిత్సను 2024లో భారత ప్రభుత్వము అనుమతించెను గాని, అందరికిని అది తగదు. దాని బాధలును ఎక్కువ.

కావున ప్రయాణమునకు ముందే చికిత్సాకేంద్రమున చెప్పవలెను. ప్రతి రోగికి నిక్షయ్ సంఖ్య యుండును. ఆ సంఖ్యపైననే వివరములను వరంగల్లుకైనను కరీంనగరుకైనను బదిలీ చేయుదురు. దారిఖర్చుతో పాటు కొన్ని దినముల మాత్రలు వెంట నుంచుకొనవలెను. 2018లో నెలకు 500 రూపాయలుగా మొదలైన పోషణ సహాయము 2024 నవంబరు నుండి 1000 రూపాయలైనది; బ్యాంకు ఖాతాకే చేరును గనుక ఊరు మారినను ఆగవలసిన పనిలేదు. ఒకే గదిలో నుండువారందరిని పరీక్షకు తీసికొనిపోవలెను; వ్యాధి లేనివారికి నివారణ మందు నిత్తురు. సందేహములకు 1800-11-6666 అను ఉచిత టెలిఫోను సంఖ్య కలదు.