'ఆస్క్' ఒక్కటే, అడిగే తీరులు ఎన్నో



పోయిన కొత్తల పండక్కి ఇంటికి వెళ్దామని నేను ఇంగ్లీషులో లీవు లెటరు రాశాను. పదో తరగతికి వచ్చాక కూడా తెలుగులోనేనా అని నా గొప్ప. తెలుగు-ఇంగ్లీషు డిక్షనరీలో 'కోరు' అనే చోట నాలుగైదు మాటలు ఇచ్చారు. వాటిలో నాకు బాగా తెలిసింది 'డిమాండ్'. యూనియన్ల గోడ రాతల్లో రోజూ చూసేదే కదా. "ఐ డిమాండ్ టూ డేస్ లీవ్" అని రాసి, కింద స్టైలుగా సంతకం చేసి, వార్డెన్ గారి బల్ల మీద పెట్టాను.

సారు చదివి కళ్ళజోడు తీసి, "ఏరా, ఇవ్వకపోతే ధర్నా చేస్తావా?" అన్నారు. పక్కనున్న వంట మాస్టారు కూడా నవ్వేశాడు. లీవు ఇచ్చారు గానీ, వచ్చాక ఈ మాటల సంగతి తేల్చి గోడపత్రికకు రాయమన్నారు. ఇంగ్లీషు మాస్టారిని అడిగి, లైబ్రరీలో పెద్ద డిక్షనరీ చూసి రాస్తున్నాను. తప్పులుంటే చెప్పండి, వచ్చే సంచికలో దిద్దుకుంటాను.

ముందు 'ఆస్క్' సంగతి. ఇది ఇంగ్లీషు వాళ్ళ సొంత పాత మాట. 1066లో నార్మన్లు ఫ్రాన్సు నుంచి వచ్చి ఇంగ్లండును గెలిచారు. ఆ తరువాత చాలా కాలం అక్కడి కోర్టుల్లో, కచేరీల్లో ఫ్రెంచి, లాటిన్ నడిచాయి. రిక్వెస్ట్, డిమాండ్, ఎంక్వైర్, క్లెయిమ్ అన్నీ ఆ దారిన వచ్చినవే. అందుకే ఆస్క్ ఇంట్లో మాటలా ఉంటుంది, మిగతావి ఆఫీసు మాటల్లా ఉంటాయి. మనకూ అంతే కదా! 'అడుగు' మన మాట. 'అర్జీ', 'దరఖాస్తు' కచేరీల వెంట పారశీకం దారిన వచ్చాయి.

ఆస్క్ ఎక్కడైనా పనికొస్తుంది. అమ్మనీ అడగొచ్చు, కలెక్టరునీ అడగొచ్చు. కానీ దాని వెనక చేరే చిన్న మాటను చూసుకోవాలి. "ఐ ఆస్క్డ్ ద డాక్టర్" అంటే డాక్టరును ఏదో అడిగాను అని. "ఐ ఆస్క్డ్ ఫర్ ద డాక్టర్" అంటే డాక్టరు కావాలన్నాను, ఆయన్ని పిలవమన్నాను అని. "ఆస్క్డ్ ఆఫ్టర్" అంటే ఇంకోటి. మీ నాన్న హాస్టలుకు వచ్చినప్పుడు మా అమ్మ ఎలా ఉందని నేను అడిగితే అది ఆస్క్ ఆఫ్టర్, అంటే కుశలం అడగడం. ఒక్క 'ఆఫ్టర్' చేరితే అడగడం కాస్తా ఆపేక్ష అయిపోయింది.

'రిక్వెస్ట్' అంటే మర్యాదగా కోరడం. ఇవ్వడం, ఇవ్వకపోవడం ఎదుటివాళ్ళ ఇష్టమని మనం ముందే ఒప్పుకున్నట్టు. లీవు అలాంటిదే, అది వార్డెన్ గారి చేతిలో ఉంటుంది. కాబట్టి నేను రాయవలసింది "ఐ రిక్వెస్ట్ యూ టు గ్రాంట్ మీ టూ డేస్ లీవ్" అని. ఇక్కడ మనలో సగం మంది చేసే తప్పు ఒకటుంది. "ఐ రిక్వెస్ట్ ఫర్ లీవ్" అని రాస్తాం. క్రియగా వాడితే 'ఫర్' అక్కర్లేదు. నామవాచకంగా వాడినప్పుడే "మై రిక్వెస్ట్ ఫర్ లీవ్" అనాలి. ప్రశ్నను మాత్రం రిక్వెస్ట్ చేయరు, ఆస్కే చేస్తారు.

'ఎంక్వైర్' అంటే సమాచారం కోసం అడగడం. బస్టాండులో ఎంక్వయిరీ కిటికీ ఉంటుంది కదా, అదే. కానీ "ఆయన మీద ఎంక్వయిరీ వేశారు" అంటే విచారణ. కిటికీ దగ్గర మనం అడుగుతాం, విచారణలో మనల్ని అడుగుతారు. దీని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

'బెగ్' దగ్గర నేను చాలాసేపు ఆగాను. బెగ్ అంటే అడుక్కోవడం, లేదా కాళ్ళావేళ్ళా పడి బతిమాలుకోవడం. మరి పాత అర్జీల్లో "ఐ బెగ్ టు స్టేట్" అని ఎందుకు రాసేవారు? అది మర్యాద కోసం పెట్టిన మాటేననీ, "మనవి చేసుకుంటున్నాను" అన్నట్టు చదువుకోవాలనీ మాస్టారు చెప్పారు. దొరల కాలం నుంచి ఆఫీసు కాగితాల్లో నిలిచిపోయిందట. కోర్టు పిటిషన్లో కూడా మనకేం కావాలో చెప్పే భాగాన్ని ఇప్పటికీ 'ప్రేయర్' అంటారు. దేవుడికీ జడ్జిగారికీ ఒకటే మాట!

ఇక్కడ మన తెలుగును చూడండి. 'అడగడం' అంటే తలెత్తుకునే అడగొచ్చు. దానికి 'కొను' చేరి 'అడుక్కోవడం' అయ్యేసరికి చెయ్యి చాచినట్టయింది. వేరే మాట కూడా రాలేదు, అదే మాట వంగింది. ఇంగ్లీషులో ఆస్క్ నుంచి బెగ్‌కు వెళ్ళాలంటే మాటే మార్చాలి.

ఇక నన్ను నవ్వులపాలు చేసిన 'డిమాండ్'. దీని వెనక ఏదో ఒక బలం ఉండాలి, చట్టమో, కాగితమో, పదిమందో. బ్యాంకులో తీసే డిమాండ్ డ్రాఫ్టు అందుకే ఆ పేరుతో ఉంది. చూపించి అడిగితే డబ్బు ఇవ్వాల్సిందే, బతిమాలే పని లేదు. తమాషా ఏమిటంటే, ఫ్రెంచిలో ఈ మాటకు ఉత్తినే అడగడం అనే అర్థం. ఇంగ్లీషులోకి వచ్చి మీసం మెలేసింది.

చార్లెస్ డికెన్స్ 1837 నుంచి 1839 వరకు రాసిన 'ఆలివర్ ట్విస్ట్' నవలలో హాస్టలు పిల్లలం తెలుసుకోవలసిన ఘట్టం ఒకటుంది. అనాథ పిల్లలుండే వర్క్‌హౌస్‌లో అందరికీ ఆకలి. ఇంకొంచెం గంజి ఎవరు అడగాలని చీట్లు వేసుకుంటే ఆలివర్ వంతు వచ్చింది. వాడు 'ప్లీజ్' చేర్చి, 'సర్' అని మర్యాదగానే అడిగాడు. వడ్డించేవాడు గరిటెతో తల మీద కొట్టాడు. పెద్దలు వాణ్ణి గదిలో పెట్టి తాళం వేశారు. వాడు చేసింది రిక్వెస్టు, వాళ్ళు విన్నది డిమాండు. కాబట్టి మాట అర్థం అనేవాడి నోట్లోనే ఉండదు, వినేవాడి చెవిలో కూడా ఉంటుంది.

మరి మెస్ బోర్డు మీద ఈరోజు గుడ్డు అని రాసి ఉండి, పళ్ళెంలో లేదనుకోండి. (ఊరికే ఉదాహరణకే సార్!) అప్పుడు అడిగేది రిక్వెస్టా, డిమాండా? బోర్డు మీద ఉంది కాబట్టి గుడ్డు మనదే. అర్థం ప్రకారం డిమాండే. అయినా నోటితో "సార్, గుడ్డు రాలేదండి" అంటే చాలు. డిమాండును మర్యాదగా చెప్పకూడదని ఏ డిక్షనరీలోనూ లేదు.

చివరి మాట 'క్లెయిమ్'. నాకు అన్నిటికంటే పట్టుకున్న మాట ఇదే. దీని మూలం లాటిన్‌లో 'అరిచి చెప్పు' అని. ఇది నాది, కాగితం మీద ఇంకా ఎక్కలేదు, ఒప్పుకోండి అని చెప్పడం క్లెయిమ్. రిక్వెస్టులో వస్తువు ఎదుటివాళ్ళది. క్లెయిమ్‌లో వస్తువు మనది.

లీవులో ఇంటికి వెళ్ళినప్పుడు ట్రంకుపెట్టెలో మా తాత పాత అర్జీ జిరాక్సు దొరికింది. ఎవరిచేతో రాయించుకున్నాడు. తాను ఎన్నో ఏళ్ళుగా దున్నుతున్న పోడు గురించే, "దయతలచి రెండెకరముల భూమి ఇప్పించవలసినదిగా పాదములంటి వేడుకొనుచున్నాను" అని ఉంది. చదివితే నాకు ఏదోలా అయింది. అది పూర్తిగా బెగ్.

దాని కిందే క్లెయిమ్ ఫారం కాపీ కూడా ఉంది. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. ఆ చట్టం పేరులోనే హక్కుల 'రికగ్నిషన్' అని ఉంది, అంటే గుర్తింపు. లీవు లెటరులో మనం రాసే 'గ్రాంట్' కాదు. ఫారంలో దయ, పాదాలు ఏమీ లేవు. పేరు, ఊరు, భూమి ఎంత, ఇంటికెంత, సాగుకెంత, ఆధారాలేమిటి, అంతే. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉండాలి, నాలుగు హెక్టార్లు దాటకూడదు. క్లెయిమ్ తీసుకునేది గ్రామసభ. క్లెయిమ్ పెట్టినవాళ్ళు కాకుండా ఊరి ముసలివాళ్ళు చెప్పింది రాసుకున్నా ఆధారం కిందే లెక్క. గ్రామసభ తీర్మానం నచ్చకపోతే 60 రోజుల్లో సబ్ డివిజన్ కమిటీకి 'పిటిషన్' పెట్టుకోవాలి. చూశారా, ఒకే చట్టంలో మొదట అడిగేదానికి ఒక మాట, కాదన్నాక అడిగేదానికి ఇంకో మాట.

నేను తిరిగి వచ్చే రోజు పొద్దున మా అయ్య తెల్లకాగితం తెచ్చి, "మన కాగితం ఎంతవరకు వచ్చిందో కనుక్కుంటూ ఆఫీసుకు ఒక అర్జీ రాయరా, తాత రాయించినట్టే రాయి" అన్నాడు. 'వేడుకొనుచున్నాను' దగ్గరకు వచ్చేసరికి నా పెన్ను ఆగింది. "మేము పెట్టుకున్న క్లెయిమ్ ఏ దశలో ఉన్నదో తెలియజేయవలసినదిగా కోరుచున్నాము" అని రాశాను. అయ్య రెండుసార్లు చదివించుకుని విన్నాడు.

"బాగుంది. కింద నమస్కారాలు కూడా పెట్టు" అన్నాడు.

పెట్టాను.