డేటాబేసునకు కొత్త కూర్పు ఎందులకు?

మేడ్చల్, షామీర్‌పేట ప్రాంతముల గ్రామములలో ఏ రైతు ఇంట కూర్చున్నను పహాణీ, పట్టా, ఖాతా అను మాటలు వినవచ్చును. తెలుగు రైతు నోట సహజముగా పలుకు ఈ మాటలు పూర్వపు రెవిన్యూ కచేరీల నుండి వచ్చినవి. పహాణీ యనగా ఒక పట్టికయే. అడ్డు వరుసకొక సర్వే నంబరు. నిలువు గడులలో విస్తీర్ణము, పట్టాదారు పేరు, అనుభవదారు పేరు, పంట.

సమాచారమును ఇట్టి పట్టికలుగా కంప్యూటరులో కూర్చు రిలేషనల్ పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. శాస్త్రజ్ఞుడు ఎడ్గార్ కాడ్ ప్రతిపాదించెను. పట్టాదారుల పట్టిక ఒకటి, భూముల పట్టిక మరొకటి. రెండింటిని ఖాతా నంబరు ముడివేయును. పట్టికలను సరిగా కూర్చినచో పేరును ఒక్కచోట దిద్దిన చాలును.

ఈ విషయము మనకు పరాయిది కాదు. 2020 అక్టోబరు 29న ధరణి పోర్టలు షామీర్‌పేటకు చేరువనున్న మూడుచింతలపల్లిలోనే ప్రారంభమైనది. 2025 ఏప్రిల్ 14న దాని స్థానమున భూభారతి వచ్చినది. అట్టి పోర్టళ్లకు ఆధారమైన డేటాబేసు సాఫ్ట్‌వేరునకు కొత్త కూర్పు వచ్చినపుడు కలుగు లాభములేమి? ఉచితముగా లభించు పోస్ట్‌గ్రెస్‌ను దృష్టాంతముగా గైకొందము. ప్రభుత్వ పోర్టళ్లు దీనిపైననే నడచుచున్నవని మా భావము కాదు; పాఠమునకు సులభమని మాత్రమే ఎన్నుకొంటిమి.

మొదటిది రక్షణ. దీని ప్రతి ప్రధాన కూర్పునకు ఐదేండ్లు మాత్రమే మరమ్మతులు లభించును. 2019లో వచ్చిన 12వ కూర్పునకు 2024 నవంబరుతో అవి ఆగిపోయినవి. తరువాత బయటపడు లోపము తాళము లేని తలుపు వంటిది.

రెండవది వేగము. ఒకే గ్రామము పేరు వేల వరుసలలో వచ్చును. 2020లో వచ్చిన 13వ కూర్పు, సూచికలో అట్టి పేరును మాటిమాటికి వ్రాయక ఒక్కసారి వ్రాసి, వరుసల జాడలను దాని క్రింద చేర్చును. సూచిక చిన్నదగును, వెదకుట సులభమగును.

మూడవది నియమపాలన. 2025లో వచ్చిన 18వ కూర్పులో కాలపరిమితిని కూడ ప్రాథమిక కీలో చేర్చవచ్చును. ఒకే భూమి ఒకే కాలమున రెండు పాసుపుస్తకములకు ఎక్కబోయినచో, డేటాబేసే ఆ నమోదును నిరాకరించును.

అయితే విద్యార్థులు ఒక్క మాట మరువరాదు. పాత పట్టికలో తప్పుగా పడిన పేరు కొత్త కూర్పులోనికి అదే తప్పుతో, మరింత వేగముగా వచ్చును. కావున మార్పునకు ముందు నకలు తీసి భద్రపరచవలెను. నకలుపైననే ప్రయోగము జరుపవలెను. వరుసల సంఖ్యను, మొత్తము విస్తీర్ణమును రెండుచోట్లను పోల్చవలెను.

యంత్రము దిద్దలేనిది మరొకటి కలదు. తహసీలుదారు ఉత్తర్వుపై రెవిన్యూ అధికారులకే అప్పీలు చేసికొను మార్గము 2020 చట్టములో లేకుండెను. 2025 భూభారతి చట్టము దానిని కల్పించినది. ఇది సాఫ్ట్‌వేరు ఇచ్చిన లాభము కాదు, శాసనము ఇచ్చినది.

మనకు ఒక వరుసగా కనిపించునది ఒక కుటుంబమునకు తాతల నాటి రెండెకరములు. రేపు కంప్యూటరు ముందు కూర్చుండు మన విద్యార్థి ఆ వరుసను తాకునపుడు ఈ సంగతి జ్ఞప్తియందుంచుకొనిన, మా పాఠము సార్థకమైనట్లే.